అక్క మొహానికి టచప్

పెళ్లిళ్లకి ఫొటోలు తీసేవాడి చేత నాటకానికి తీయించడమేమిటని డైరెక్టరు మొదట్లో మొహం చిట్లించాడు. అక్క పట్టుబట్టింది. "వాడు నా తమ్ముడు. వాడైతేనే కెమెరా ముందు కూర్చుంటాను, లేకపోతే లేదు" అని తేల్చేసింది. ఇంక ఆయన ఒప్పుకోక తప్పలేదు.

ఆ చిన్న నాటక సంస్థలోనే అక్క సగం జీవితం గడిచిపోయింది. హీరో పక్కన నిలబడింది, హీరోకి వదినైంది, హీరోకి తల్లై మంచం పట్టింది. పోస్టరు మీద మాత్రం ఎప్పుడూ హీరోగారే. అక్క ఉంటే గింటే ఆయన భుజం వెనక సగం చెవీ, ఓ జడముక్కా. ఇప్పుడు మొట్టమొదటిసారి నాటకమంతా ఆవిడదే. జైలు గేటు ముందు బెంచీ మీద కూర్చుని కొడుకు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే తల్లి వేషం. చివర్లో కొడుకు బయటికొస్తాడు. తల్లిని ఆనవాలు పట్టలేక, ఎవరో ముసలావిడ అనుకుని పక్కనుంచి నడిచి వెళ్లిపోతాడు. అంతే కథ. అదంతా ఆ తల్లి మొహం మీదే నిలబడాలి.

డ్రెస్ రిహార్సల్ రోజు తమ్ముడు మెళ్లో రెండు కెమెరాలు వేలాడేసుకుని వచ్చాడు. మేకప్ గదిలో అక్క తలమీదుగా శాలువా కప్పుకుని తీరిగ్గా కూర్చుని ఉంది.

"ఏంటక్కా, ఇంకా తయారవలేదా?"

"అయిపోయాగా."

"మరి మేకప్పేదీ?"

"ఈ వేషానికి మేకప్పెందుకురా? ఇన్నాళ్లూ పౌడరు కొట్టి దాచిన సరుకంతా ఇవాళ బయటపెడుతున్నా. చూడు, కళ్ల కింద సంచులు, నోటి పక్కన గీతలు. అంతా నా స్వార్జితం" అని పకపకా నవ్వింది.

తమ్ముడికి నవ్వు రాలేదు. చిన్నప్పుడు తనని చంకనేసుకుని వీధంతా తిప్పిన అక్క. ఎప్పుడు ఇంతలా వడిలిపోయింది? తనెందుకు చూడలేదు?

స్టేజీ మీద పైనుంచి ఒకటే లైటు. అక్క వెళ్లి బెంచీ మీద కూర్చుంది. అతను అలవాటు కొద్దీ "ఇటు చూడక్కా, కాస్త నవ్వు" అనేశాడు.

"ఇదేమన్నా రిసెప్షనా?" అని హాల్లోంచి డైరెక్టరు కేకేశాడు.

అక్క వినిపించుకోలేదు. ఎదురుగా గోడ వంకే చూస్తోంది. ఆ చూపుకి అతను కెమెరా దించి, నిజంగా ఎవరన్నా వస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఆగకుండా నొక్కుతూ పోయాడు. వాటిలో ఒకటి పడింది. అలాంటి ఫొటో తన జన్మలో తియ్యలేదని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

ఊరుకుంటే సరిపోయేది. చెయ్యి ఊరుకోలేదు. పెళ్లికూతుళ్ల మొటిమలూ, పెళ్లికొడుకుల మచ్చలూ, అత్తగార్ల మెడల మీద ముడతలూ తుడిచీ తుడిచీ ఆరితేరిన చెయ్యి అది. ఫొటోలో ముడత కనిపిస్తే అతనికి అన్నంలో వెంట్రుక కనిపించినట్టే. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని, కళ్ల కింద కొంచెం టచప్ చేద్దాంలే అనుకున్నాడు. అక్కడ నున్నబడేసరికి నోటి పక్క గీతలు ఎబ్బెట్టుగా తోచాయి. అవి తీసేశాక నుదురు, నుదురయ్యాక మెడ. చివరికి తెరమీద తన చిన్నప్పటి అక్క వచ్చి కూర్చుంది. అతనికి కళ్లు చెమర్చాయి. తొలిసారి పోస్టరెక్కుతోంది, అందంగా ఎక్కొద్దా? అక్కని ఆశ్చర్యపరుద్దామని ఆవిడకి చూపించకుండానే డైరెక్టరుకి పంపేశాడు.

"అదరగొట్టావయ్యా! ఈ మొహం చూసి టిక్కెట్టు కొననివాడు ఉంటాడా?" అన్నాడాయన. పోస్టర్లు గోడలెక్కాయి.

అక్క ఆ పోస్టరుని హాలు గుమ్మం పక్కన చూసింది. చాలాసేపు నిలబడి చూసింది.

"ఎవర్రా ఈవిడ?"

"అదేంటక్కా, నువ్వే."

"మరి నా గీతలేవీ?"

"బాగా కనపడాలని..."

"బాగా కనపడాలంటే ఏ పెళ్లికో పోయేదాన్ని కదరా. కన్నకొడుకు గుర్తుపట్టని మొహంరా అది! దీన్ని చూసి ఎవడు మర్చిపోతాడు చెప్పు?"

మొదటి ప్రదర్శనకి హాలు నిండింది. అక్క స్టేజీ మీదికి రాగానే ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. "పోస్టరులో ఆవిడ ఎప్పుడొస్తుంది?" "ఈవిడ ఆవిడ తల్లేమో, ఆగు." కెమెరా పట్టుకుని పక్కనే ఉన్న తమ్ముడికి వినిపించింది. అక్కకీ వినిపించింది. ఒక్క మాట దగ్గర గొంతు తడబడింది. మళ్లీ పుంజుకుంది. చివర్లో కొందరు కళ్లు తుడుచుకున్నారు, కొందరు మధ్యలోనే లేచిపోయారు.

ఆట అయ్యాక ఊళ్లోకెల్లా పెద్ద హాలు ఓనరు లోపలికొచ్చాడు. "నాటకం మా హాల్లో వేయిస్తా. కానీ నేను పోస్టరు చూసి వచ్చినవాణ్ణి, నాకా మొహమే కావాలి. ఇందాకా జనం ఏమన్నారో విన్నారుగా?"

డైరెక్టరు అక్క వైపు చూడకుండా, "మొహానిదేముందండీ, చూద్దాం" అన్నాడు.

చూశాడు కూడా. ఆ మధ్యే సంస్థలో చేరిన ఓ పిల్ల ఉంది, పోస్టరు పక్కన నిలబెడితే అచ్చంగా దిగిపోయింది. "నువ్వు పెద్దదానివి, అర్థం చేసుకుంటావు. పిల్లకి నువ్వే నేర్పాలి. తల్లి వేషం కదా, ముసలి మేకప్పు కూడా నీ చేత్తోనే పడాలి" అని అక్కకి చెప్పాడు. కొత్త ఫొటోలకి మళ్లీ తమ్ముణ్ణే పిలిపించాడు.

తమ్ముడు ఫోను తీసుకుని పరుగెత్తాడు. "సార్, టచప్ చెయ్యని ఫొటో ఇది. దీన్ని వేయండి, అక్కనే ఉంచండి."

డైరెక్టరు ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఇంత మంచి ఫొటో నా చేతికి ఎందుకివ్వలేదయ్యా? ఇప్పుడు ఊరంతా ఆ మొహం అంటించాక ఇది నేనేం చేసుకోను?" అని తిరిగిచ్చేశాడు.

తమ్ముడు మేకప్ గదిలోకి వెళ్లాడు. అక్క గోధుమరంగు పెన్సిలుతో పిల్ల మొహం మీద గీతలు గీస్తోంది. అద్దంలో తన మొహం చూసుకోవడం, ఇటు తిరిగి గియ్యడం.

"అమ్మో, ఇంత ఘోరంగానా ఆంటీ? నిజంగా ఎవరైనా ఇలా ఉంటారా?" అంది పిల్ల.

"ఉంటారమ్మా. కదలకు, చెరిగిపోతుంది."

గుమ్మంలోంచి డైరెక్టరు తల దూర్చాడు. "ఏవయ్యా, ఈసారి టచప్పూ గిచప్పూ అన్నావంటే మర్యాద దక్కదు. ఆ గీతల కోసం పొద్దుటినుంచీ చస్తున్నాం."

ఆయన వెళ్లాక, పిల్ల కూడా లేచి స్టేజీ మీదికి పోయాక, తమ్ముడు మెల్లగా అన్నాడు. "అక్కా, నీ అసలు ఫొటో నా దగ్గరే ఉంది. చెరపలేదు."

"ఉంచుకో. నేను పోయాక అవసరమవుతుంది. అప్పుడు మాత్రం వేలు పెట్టకు."

అతను ఫోను తీసి ఆ ఫొటో ఆవిడ ముందు పెట్టబోయాడు.

"పో, లైటు వేసినట్టున్నారు" అని అక్క పెన్సిలు మొన చెక్కుకోసాగింది. "పిల్లది చక్కటి మొహం. జాగ్రత్తగా తియ్యి."