పక్కింటి పాతర

గోదావరికి ఆనకట్ట కట్టి కొన్నేళ్ళయింది. ఏటి మీద వంతెన కట్టి, ఆ వంతెన మీదుగా ఇంకో ఏరు పారించినట్టు, రాజోలు దాకా కాలువ నీళ్ళు తీసుకొచ్చారు. దాంతో కోనసీమలో అందరికీ ఒకటే పిచ్చి పట్టుకుంది, పొలం పిచ్చి. నిన్నటిదాకా చోళ్ళు కూడా సరిగ్గా పండని చేలల్లో వరి ఊడ్చేస్తున్నారు. రాజోలుకు కాస్త ఇవతల, గోదావరి వసిష్ఠ పాయ గట్టున ఉండే జగ్గారావుకు ఆ పిచ్చి తలకెక్కింది. తాతల నాటి నుంచీ పడవ మీద బతికిన ఇల్లు వాళ్ళది. అయినా సరే, పడవ అమ్మేసి పొలం కొంటానని పట్టుబట్టి కూర్చున్నాడు.

పడవ మీద ఆయనకు అంత కసి రావడానికి కారణం లేకపోలేదు. కిందటేడు కొత్త కాలువలో మొదటిసారి సరుకు వేసేముందు ఆయనే స్వయంగా ఊళ్ళు తిరిగి విచారించి వచ్చాడు. ఏం విచారణ అది! రేవులో దిగడం, మునసబుగారి అరుగెక్కడం, అక్కణ్ణుంచి కరణంగారి అరుగెక్కడం, తిరగళ్ళు తెస్తే తీసుకుంటారా అని అడగడం. గుమ్మంలోకి వచ్చినవాడి మొహం మీద అక్కర్లేదని చెప్పడం మా కోనసీమవాళ్ళకు చచ్చినా చేతకాదు. "ఆయ్, తెండి, తప్పకుండా తీసుకుంటాం" అన్నారు అందరూ. ఆయన పొంగిపోయి, రాజమహేంద్రవరం నుంచి పడవ నిండా తిరగళ్ళు ఎత్తుకొచ్చాడు.

ఏ రేవులో ఆగినా పీట వేశారు, మజ్జిగ ఇచ్చారు, పిల్లల క్షేమం అడిగారు. తిరగలి మాత్రం ఒక్కరూ కొనలేదు. ఎందుకు కొంటారు? ఒకసారి ఇంట్లోకి వచ్చిన తిరగలి ముత్తవ్వ నుంచి మునిమనవరాలి దాకా తిరుగుతూనే ఉంటుంది. ఆ రాళ్ళన్నీ జగ్గారావు వాళ్ళ పెరట్లోనే పడి ఉన్నాయి, కోళ్ళు వాటి మీదెక్కి దర్జాగా కూస్తున్నాయి.

పడవ పోతే ఎక్కువ నష్టపోయేది జగ్గారావు తమ్ముడు గంగయ్య. చుక్కాని పట్టడం తప్ప అతనికి ఇంకో పని రాదు. నాగలి పట్టుకుంటే ఎడ్లే నవ్వుతాయి. అన్న మాటకు ఎదురు చెప్పే రకం కూడా కాదు. అతని భార్య పెద్దింట్లమ్మ అలా కాదు. ఆవిడ పుట్టిందే పడవలో. ఏటి మీద గాలి మారితే ఇంట్లో ఉండి చెప్పేసేది. పడవ అమ్మకం మాట ఆవిడ చెవిన పడింది. పడవతో పాటు మొగుడి మొహంలో కళ కూడా అమ్ముడైపోతుందని ఆవిడకు తెలుసు.

తిరగళ్ళ సంగతి ఆవిడ పదేపదే ఆలోచించింది. జనం అబద్ధమాడలేదు, మర్యాద చేశారు. అలాంటి జవాబే వచ్చేలా ఈయన అడిగాడు. పైగా అడిగింది అరుగులున్న ఇళ్ళలో. ఊరంటే అరుగులేనా?

చివరికి ఒకరోజు తలుపు పక్కన నిలబడి, తనే నోరు విప్పింది.

"బావగారండీ, ఒక్క విడత నాకొదిలేయండి. ఊళ్ళు తిరిగి నేను అడిగొస్తాను. నే చెప్పిన సరుకు మిగిలిపోతే పడవ అమ్మేద్దురుగాని. మళ్ళీ నోరెత్తను."

జగ్గారావు నవ్వేశాడు. పడవ కొంటానన్న కొత్తపేట ఆసామి కోతల ముందు గాని రాడు, ఈలోగా పడవ ఖాళీగానే ఉంటుంది. సరే, కానిమ్మన్నాడు.

పెద్దింట్లమ్మ తన పిన్నమ్మ అచ్చాయమ్మను తోడు తీసుకుని బయలుదేరింది. అచ్చాయమ్మకు కాలువ పొడుగునా చుట్టాలే. పడవ మోకులకు కొబ్బరిపీచు కొనాలన్నది ఇళ్ళలోకి వెళ్ళడానికి మంచి వంక, నిజంగా కొనాల్సిన సరుకు కూడాను. మొదటి ఊళ్ళో ఆవిడ మీకేం కావాలని అడిగి చూసింది. దేవుడి దయవల్ల అన్నీ ఉన్నాయన్నారు. రెండో ఊళ్ళోనూ అదే మాట. ఇలా అడిగితే లాభం లేదనుకుని, అడగడం మానేసి చూడటం మొదలుపెట్టింది.

ఆశ్వయుజ మాసం, ఆకాశం నిండా మబ్బులు. ఆ మబ్బుల్లో ఇంటింటా వాకిట్లో చాపలేసి వడ్లు ఆరబోస్తున్నారు. కొత్త పంట ఇంకా చేలోనే ఉంది, ఇవి పాత వడ్లు. దగ్గరికి వెళ్తే ముక్కిపోయిన వాసన. ఎక్కువమంది ధాన్యాన్ని పాతరల్లో, అంటే పెరట్లో తవ్విన గోతుల్లో దాచుకునేవాళ్ళు. కాలువ వచ్చాక నేల అడుగున ఊట పెరిగింది. తాతల కాలంలో ఎండు బూడిదలా ఉన్న పాతరలు ఇప్పుడు చెమర్చుతున్నాయి. పెద్దింట్లమ్మకు సంబరం ఆగలేదు. సరుకు దొరికింది! రాజమహేంద్రవరానికి ఎగువనున్న కొండల నుంచి తెప్పల మీద వెదురు దిగుతుంది. వెదురు గాదెలు తెచ్చి నేలకు ఎత్తుగా నిలబెడితే, గింజకు చెమ్మ అంటదు.

ఆ సంబరంలో తొందరపడింది. రమణమ్మ అనే రైతు ఇల్లాలిని, మీ పాతరకు చెమ్మ పట్టిందా అని సూటిగా అడిగేసింది. రమణమ్మ మొహం మాడ్చుకుంది.

"మా ఇంట్లో గింజ చెడ్డవేవిటండీ? దీపాలు పెట్టే వేళ ఆ మాట అనొచ్చా?"

ఇంట్లో ధాన్యం పాడైందని ఒప్పుకుంటే లక్ష్మి గడప దాటిపోయిందని ఒప్పుకున్నట్టే. ఆ మాట ఏ ఇల్లాలి నోటా రాదు. పెద్దింట్లమ్మ నాలిక్కరుచుకుని లేవబోయింది. అంతలో రమణమ్మే గొంతు తగ్గించి, "మాకేం లేదు గానండి, ఆ పక్కింటివాళ్ళ పాతరలో చెమ్మకు వడ్లు వేడెక్కి, చెయ్యి పెడితే కాలిపోతోందిట" అంది.

పక్కింటామె దగ్గరికి వెళ్తే, తమ పాతర బంగారంలా ఉందనీ, రమణమ్మగారిదే బూజు పట్టిందనీ చెప్పింది. గట్టు మీదకు వచ్చాక పెద్దింట్లమ్మ పగలబడి నవ్వింది. పిన్నమ్మకు ఏమీ అర్థంకాలేదు.

అప్పటినుంచి ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే. "ఈ చుట్టుపక్కల ఎవరి పాతరకైనా చెమ్మ పట్టిందాండీ?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పని ఇల్లు లేదు.

అచ్చాయమ్మ తన చుట్టాల ఇళ్ళకే వెళ్దామనేది, అక్కడైతే భోజనమూ తాంబూలమూ దక్కుతాయి. పెద్దింట్లమ్మ ఒప్పుకునేది కాదు. తెలిసిన ఇళ్ళకే వెళ్తే తెలిసిందే తెలుస్తుందనేది. ప్రతి వీధిలోనూ ఓ చివర మొదలుపెట్టి, రెండిళ్ళు వదిలి ఒక ఇల్లు చొప్పున వెళ్ళేవారు. అది మేడైనా సరే, తాటాకు గుడిసైనా సరే. పట్టిందంటే చింతపిక్క, లేదంటే గచ్చకాయ, ఊరికి రెండేసి మూటల్లో వేసేవారు. మెరక వీధుల మూట వేరు, పల్లపు వీధుల మూట వేరు. కాలికి బలపం కట్టుకుని తిరిగేసరికి అచ్చాయమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంటికొచ్చాక ఆ మూటలన్నీ సావిట్లో నేల మీద విప్పింది. ఊరి పక్కన ఊరుగా కుప్పలు పేర్చింది. మెరక వీధుల్లో ఎక్కువ గచ్చకాయలే. పల్లపు వీధుల్లో చింతపిక్కలు గుట్టలుగా ఉన్నాయి. మునసబులూ కరణాలూ ఉండేది మెరకలోనే. అరుగుల మీద అడిగితే ఈ సంగతి ఏనాటికీ బయటపడేది కాదు. కాలువకు దగ్గరైన ఊళ్ళలో పిక్కలు ఎక్కువ, దూరం వెళ్ళేకొద్దీ తక్కువ. ఏ రేవులో ఆగాలో, ఏ రేవు దాటిపోవాలో ఆ కుప్పలే చెప్తున్నాయి.

జగ్గారావు కుప్పల చుట్టూ తిరిగి చూశాడు. మనిషి మొండివాడే గాని మొద్దు కాదు. అసలైన చోటే వేలు పెట్టాడు.

"అందరూ కలిసి ఆ ఒక్క ఇంటి సంగతే చెప్పేరేమో! ఊరికి ఒక్క పాతర చెడితే ఇన్ని పిక్కలు పడ్డాయేమో!"

పెద్దింట్లమ్మ ఈ ప్రశ్న ముందే వేసుకుంది. "నాకూ ఆ అనుమానం వచ్చిందండి. వీళ్ళు చూపించిన ఇంటికీ వెళ్ళేం. ఆ ఇంటివాళ్ళు మళ్ళీ వీళ్ళనే చూపించేరు. వాకిళ్ళూ చూసేను. పిక్కలు ఎక్కువ పడ్డ వీధుల్లోనే వడ్లు ఆరబోసేరు."

ఆయన, సరే, సరుకు వెయ్యమన్నాడు. గంగయ్య మర్నాడే పడవ విప్పి, రాజమహేంద్రవరం వెళ్ళి వెదురు తడకలు చుట్టలుగా తెచ్చాడు. రేవులో దిగాక వాటిని గాదెలుగా అల్లి నిలబెట్టడానికి మేదరివాళ్ళను కూడా పడవెక్కించాడు.

మార్గశిరంలో, కోతలు మొదలుకాకముందు, రమణమ్మ ఊరి రేవులో పడవ ఆగింది. పెద్దింట్లమ్మ కూడా వచ్చింది. ఊరు ఊరంతా గట్టు మీదకు చేరింది. మేదరివాళ్ళు ఒక గాదె అల్లి చూపించారు. గాదె బాగుందన్నారు, అల్లిక గట్టిగా ఉందన్నారు, మజ్జిగ తాగుతారా అని అడిగారు. కొనడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. మజ్జిగ మాట వినగానే గంగయ్య మొహం పాలిపోయింది. మళ్ళీ తిరగళ్ళేనా అనుకున్నాడు.

 పెద్దింట్లమ్మ మాత్రం ఆడవాళ్ళ మాటలు వదిలేసి కళ్ళు చూసింది. గాదెను చూడటం, పక్కవాళ్ళను చూడటం, చూపు దించుకోవడం. సంగతి బోధపడింది. ముందు ఎవరు కొంటే వాళ్ళ పాతర చెడిందని ఊరికి చాటుకున్నట్టే! వెంటనే ఆ గాదెను గట్టు మీద ఎత్తుగా నిలబెట్టించి, దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. అందరికీ వినపడేలా చెప్పింది.

"కాలువొచ్చేక పంటలు పెరిగేయి కదండీ. పాతర నిండిపోయి ఇంకా గింజ మిగిలిన ఇళ్ళ కోసం తెచ్చేం. పంట తక్కువైనవాళ్ళకి వీటితో పని లేదు."

 అది వినగానే రమణమ్మ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది.

"మాకీ ఏడు పంట ఎక్కువేనండి. రెండు కావాలి."

ఆ వెంటనే పక్కింటామె తమకు మూడు కావాలంది. ఇక చూసుకోండి! కొనకపోతే పంట తక్కువనుకుంటారేమోనని ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. మేదరివాళ్ళకు అల్లడానికి చేతులు చాల్లేదు. పిక్కలు చెప్పిన రేవుల్లోనే ఆగుతూ వెళ్ళారు. సగం దారిలోనే సరుకు అయిపోయింది. ముందు ఊళ్ళవాళ్ళు గట్టు వెంట పరుగెత్తుకొచ్చి, మా రేవుకు రాకుండానే అయిపోయాయా అని నిష్ఠూరమాడారు.

పడవ తిరిగొచ్చిన రోజున కొత్తపేట ఆసామి రేవులోనే ఉన్నాడు. దూరాన పడవ నిండు బరువుతో, అంచుల దాకా మునిగి వస్తోంది. జగ్గారావు అది చూసి నిట్టూర్చాడు. వెళ్ళిన సరుకంతా వెనక్కొచ్చేసిందనుకున్నాడు. ఇదిగో వచ్చేసింది, చూసుకోండని ఆసామికి చెప్పాడు.

పడవ దగ్గరికి వచ్చింది. చుక్కాని దగ్గర గంగయ్య పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. పడవలో ఒక్క వెదురు తడక లేదు. గాదెలకు బదులు లెక్కపెట్టి ఇచ్చిన కొబ్బరికాయలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. జగ్గారావు మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయి, ఒక కాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత వెనక్కి తిరిగి, "ఏవీ అనుకోకండి. పడవ అమ్మకానికి లేదండి" అన్నాడు.

ఆసామి వెళ్ళిపోయాడు. పెద్దింట్లమ్మ పడవ దిగడానికి జగ్గారావే బల్ల సరిచేసి పట్టుకున్నాడు. ఆవిడకు కళ్ళనీళ్ళు ఆగలేదు, తుడుచుకోనూ లేదు.

"అమ్మాయ్, మళ్ళీ విడత ఏం సరుకు వేద్దాం?" అన్నాడు ఆయన.

"అడిగొచ్చి చెప్తానండి" అంది ఆవిడ.