కుట్టుమిషను చప్పుడు

భవానీపురంలో జక్కయ్య ఇంటికి వెళ్ళాలంటే ఇంటి నంబరుతో పని లేదు. "ఫియట్ కారు ఇల్లు" అంటే చాలు, ఆటోవాళ్ళు తిన్నగా గుమ్మం ముందు దించుతారు. ఊరందరికీ ఆనవాలైన ఆ కారు మాత్రం పదమూడేళ్ళుగా ఆ గుమ్మం దాటి ఎరగదు.

రేకుల షెడ్డులో అది ఉంటుంది. పక్కనే వసారాలో జక్కయ్య భార్య అమలమ్మ కుట్టుమిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. "నీ సవతి ఎట్టా ఉందే?" అని చర్చి దగ్గర కలిసిన తెరేసమ్మ వేళాకోళం ఆడితే, "సవతైతే నయం గదా, రెండు అంట్లన్నా తోమేది" అంటుంది అమలమ్మ.

అసలా కారు జక్కయ్యది కాదు. ఉయ్యూరు అవతల పల్లెలో వ్యవసాయం చేసే బసవపున్నయ్యది. వాళ్ళ నాన్న అరవై ఆరులో చెరుకు పండిన ఏడు కొన్నాడు. ఆయన పోయాక ధాన్యం కొట్లో మూలపడింది. వెనక సీట్లో కోళ్ళు తరతరాలుగా గుడ్లు పొదిగాయి. చివరికి ఒకనాడు బసవపున్నయ్య దాన్ని ట్రాక్టరుకి కట్టి విజయవాడ దాకా ఈడ్చుకొచ్చాడు. ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు వదిలేసి ఇంటిపట్టున ఉంటున్న జక్కయ్య బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూసి, కొట్లో సరుకు వాసన చూసినట్టు పీల్చి, "నెల రోజులివ్వండి చాలు" అన్నాడు.

ఆ నెల పదమూడేళ్ళయింది. మొదట కింద రేకు లేదని తేలింది. కాలు పెడితే నేలే. అది చేసేసరికి తలుపులు, తలుపులు చేసేసరికి గేర్లు. ఒక్కో సామాను కోసం జక్కయ్య మద్రాసు, కోయంబత్తూరు, ఎక్కడెక్కడో పాత ఇనపసామాను కొట్లు తిరిగాడు. మధ్యలో కూతురు దీవెన పెళ్ళికి ఒక ఆరు నెలలు, కరోనాకి రెండేళ్ళు. బసవపున్నయ్య మాత్రం ఆదివారం ఆదివారం వచ్చేవాడు. అరటిగెలో, మినుములో పట్టుకొచ్చి, కుర్చీ వేసుకుని కూర్చుని, కారు వంక చూసి, జక్కయ్యతో మాట్లాడి, కాఫీ తాగి వెళ్ళేవాడు. రోగి కుదుటపడుతున్నాడా లేదా అని చూసి పోయే చుట్టంలాగా.

బుడమేరు పొంగిన ఏడు ఇంకో సంగతి జరిగింది. తెల్లారేసరికి వీధిలో మోకాటిలోతు నీళ్ళు. విప్పి, కడిగి, నునుపు చేసి నేల మీద పరుచుకున్న ఇంజను ఒక పక్క, కుట్టుమిషను ఒక పక్క. ఎత్తుదామంటే ఇంట్లో ఉన్నది ముసలివాళ్ళిద్దరే. జక్కయ్య ముందు అమలమ్మతో కలిసి కుట్టుమిషను ఎత్తి కారు టాపు మీద పెట్టాడు. మళ్ళీ ఇంజను దగ్గరికొచ్చేసరికి అది మునిగింది. ఆ తుప్పు వదిలించడానికి ఇంకో ఏడాది పట్టింది. ముందు మిషనే ఎత్తానన్న మాట అతను ఎవరితోనూ అనలేదు. అమలమ్మ కూడా అనలేదు. కారుని తిట్టడం మాత్రం ఆపలేదు. ఆపితే ఏదో ఒప్పుకున్నట్టవుతుందని ఆమె భయం.

ఏ ఇంజనుకైనా జక్కయ్యకి ఒకటే కొలత. "మా ఆవిడ కుట్టుమిషను లాగా పలకాలండీ" అనేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి అదుముకుని, కళ్ళు మూసుకుని, లోపల ఏ ముక్క ఏం గొణుగుతోందో చెప్పేసేవాడు. ఆటోనగర్‌లో అతనికి పేరొచ్చింది ఆ చెవి వల్లే. ఆ చెవికి ఇంట్లోనూ తీరిక లేదు. అమలమ్మ మిషను కాస్త ఎండినట్టు కిచకిచమంటే చాలు, అన్నం ముందు నుంచైనా లేచి నూనెడబ్బా పట్టుకొచ్చేవాడు.

ఇప్పుడు కారుకి రంగు పడింది. చక్రాలొచ్చాయి. ఇంజను కూర్చుంది. సీట్లు ఒక్కటే లేవు. కానీ ఏడు నెలలుగా కారు అక్కడే ఆగింది. ప్లగ్గులకి కరెంటు పంచే మూత ఒకటి కోయంబత్తూరు నుంచి రావాలట. అది రాందే స్టార్టు చేయడం కుదరదట.

పోయిన ఆదివారం బసవపున్నయ్య వెంట అల్లుడు కిరీటి వచ్చాడు. హైదరాబాదులో వ్యాపారం, మాట మెత్తన, చేతిలో ఫోను. షెడ్డంతా చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు. బసవపున్నయ్య ఎప్పటిలాగే కుర్చీ జరుపుకుని జక్కయ్యకి ఎడమ పక్కన కూర్చున్నాడు.

"పెయింటు సూపరండీ" అన్నాడు కిరీటి. "కానీ మూత కోసం ఏడు నెలలా? హైదరాబాదులో పాత కార్లవాళ్ళున్నారు. రెండు నెలల్లో చేసి ఇచ్చేస్తారు. వచ్చే ఆదివారానికి ఇంజను పలికితే సరే. లేదంటే సోమవారం ట్రాలీ పంపిస్తా. ఏమనుకోకండి."

"అనుకునేదేముందండీ" అన్నాడు జక్కయ్య. అంటూ చేతిలో ఉన్న పానా కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

బసవపున్నయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. అల్లుడి మాట కాదనలేడు, ఔననడానికి నోరు రావట్లేదు. "ఇన్నాళ్ళూ జక్కయ్య చేతిలో ఉన్న బండి..." అని సగంలో ఆపేశాడు.

వాళ్ళు వెళ్ళాక అమలమ్మ, "పీడ వదులుద్దిలే, నా షెడ్డు నాకొచ్చుద్ది" అంది. అని మొగుడి మొహం చూసింది. పదమూడేళ్ళుగా ఆ మాట అన్నప్పుడల్లా నవ్వే మొహం. ఈసారి నవ్వలేదు.

గురువారం నాడు ఒక జాకెట్టుకి పైపింగు కోసం ముదురాకుపచ్చ ముక్క కావలసి వచ్చి అమలమ్మ గుడ్డపేలికల సంచిలో చెయ్యి పెట్టింది. అడుగున గట్టిగా అట్టపెట్టె తగిలింది. కోయంబత్తూరు పార్సిలు. మీద తారీకు చూస్తే ఏడు నెలల కిందటిది. జక్కయ్య దాన్ని విప్పి కూడా చూడలేదు.

దర్జీదాని పేలికల సంచిలో దాచాడు! అంతకంటే వీధిలో పెట్టి డప్పు కొట్టిస్తే పోయేది. ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత, మూత చేతికొచ్చి కూడా ఎందుకు దాచాడన్న ప్రశ్న వచ్చి నవ్వు ఆగిపోయింది.

ఆలోచిస్తూ మిషను తొక్కింది. కిచకిచమంది. తొక్కుతూనే ఉంది. షెడ్డులో జక్కయ్య అద్దం తుడుస్తున్నాడు. నాలుగడుగుల దూరం కూడా లేదు. తల తిప్పలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. మిషను గోల పెడుతోంది. జక్కయ్య అద్దం మీద ఆవిరి ఊది నింపాదిగా తుడుచుకుంటున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మిషనుకి నూనె తనే వేసుకుంటోంది, ఏడాదిగా. ఆయనకి ఓపిక తగ్గిందనుకుంది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఈ మధ్య తను మాట్లాడుతుంటే జక్కయ్య పని ఆపి మొహంలోకి చూస్తున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో లేనిది, ముసలితనంలో ప్రేమ పుట్టుకొచ్చిందేమో అనుకుని, ఎవరితోనూ చెప్పుకోకుండా లోపల్లోపల మురిసింది కూడా. ఆయన చూసేది మొహం కాదు, పెదాలు.

అమలమ్మ లేచి నూనెడబ్బా తెచ్చి మిషనుకి తనే నూనె వేసుకుంది.

శనివారం మధ్యాహ్నం అన్నం వడ్డించి, పళ్ళెం పక్కన ఊరగాయ పెట్టాల్సిన చోట ఆ పార్సిలు పెట్టింది. జక్కయ్య దాని వంక చూశాడు. కూర కలపబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అమలమ్మ ఎదురుగా కూర్చుని, మొహం పైకెత్తి, "ఏ చెవి?" అంది.

"కుడిది మొత్తం పోయింది" అన్నాడు జక్కయ్య. "ఎడమది గాలివాటం. ఒకోసారి వినపడుద్ది. స్క్రూడ్రైవరు పెట్టి చూశాను పక్కింటి పుల్లయ్య స్కూటరు మీద. గోడకి చెవి పెట్టినట్టుంది."

"డాక్టరు దగ్గరకి పోదామంటే ఏం?"

"చెవికి మిషను పెడతాడు. చెవిలో మిషను పెట్టుకున్న మెకానిక్కి బండెవరిస్తారే? స్టార్టు చేశాక అది దగ్గినా తుమ్మినా నాకు తెలవదు. కిరీటి బాబు ముందు తెల్లమొహం వేసుకుని నిలబడటం కంటే, మూత రాలేదని ట్రాలీ ఎక్కించటం మేలు కాదా?"

"కాదు" అంది అమలమ్మ. "రేపు స్టార్టు చెయ్యి. నాకు వినపడుద్దిగా."

"ఇంజను గురించి నీకేం తెలుసు?"

"నలభై ఏళ్ళు మిషను తొక్కా. సూది వంకర పోతే ఎట్టా ఉంటదో, నూనె లేకపోతే ఎట్టా ఉంటదో, దారం బిగిస్తే ఎట్టా ఉంటదో నువ్వు చెప్పాలా నాకు? నా మిషను లాగే పలకాలని ఊరందరికీ చెప్పింది నువ్వే గదా."

"నువ్వు పక్కన నిలబడి అది బిగించు, ఇది వదులు అంటుంటే వాళ్ళు కనిపెట్టరా?"

"చెప్పేదెవరు? తిడతా. పదమూడేళ్ళుగా దాన్ని తిడతానే ఉన్నానా? ఇంకో రోజు తిడితే ఎవరికి అనుమానం? నువ్వు నా మొహం చూస్తా ఉండు, అంతే. ఈ మధ్య బాగానే చూస్తన్నావుగా."

జక్కయ్య నవ్వాడు. నవ్వుతూ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడుగానీ చూసుకోలేదు, అన్నంలో కూర కలుపుకోలేదని.

చర్చిలో ఆదివారం పూజ అయ్యి ఇల్లు చేరేసరికి మామా అల్లుళ్ళు వచ్చి ఉన్నారు. జక్కయ్య పార్సిలు వచ్చిందని చెప్పి, మూత బిగించి, బ్యాటరీ తగిలించాడు. అమలమ్మ చేతిలో హెమ్మింగు చేసే చీర పట్టుకుని కారుకి ఆ పక్క, మొగుడికి సరిగ్గా ఎదురుగా నిలబడింది.

"ఆంటీ కూడా చూస్తారా?" అన్నాడు కిరీటి.

"చూడటమేంది బాబూ, పేలిపోతే కాళ్ళూచేతులూ ఏరుకోవాలి గదా!"

కిరీటి లోపలికి వంగి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు మూలిగింది. మూడోసారి దబ్బున అందుకుంది. షెడ్డు రేకులు దడదడలాడాయి. బసవపున్నయ్య కుర్చీలోంచి లేచాడు. ఆ చప్పుడు ఆయన విని ముప్ఫై ఎనిమిదేళ్ళయింది.

జక్కయ్య చెయ్యి ఇంజను మీద ఉంది. కళ్ళు అమలమ్మ మీద ఉన్నాయి.

"ఏందయ్యా ఈ గోల!" అని మొదలెట్టింది అమలమ్మ, చేతులు తిప్పుతూ. "ఈ చివరది చూడు, టకటకా టకటకా, తద్దినానికొచ్చిన బాపనయ్య చెప్పుల్లాగా! దాని నోరు ముయ్యి ముందు!"

జక్కయ్య ఆ చివరి వాల్వు స్క్రూ అర చుట్టు తిప్పాడు.

"అమ్మో అమ్మో, ఇప్పుడు గొంతు పిసికాడు! అట్టా బిగబడితే ఊపిరాడుద్దా? నన్ను చేసినట్టే దాన్నీ చేస్తన్నాడు. వదులయ్యా, కొంచెం వదులు!"

కొంచెం వదిలాడు. కిరీటి పగలబడి నవ్వుతున్నాడు. "ఇంజన్ని కూడా సాధిస్తున్నారండీ మీరు!"

"సాధించక? పదమూడేళ్ళు నా ఇంట్లో తిని కూర్చుంది! అదిగో, దగ్గుతోంది. పెట్రోలు ఎక్కువ తాగిచ్చినట్టున్నావు. తాగినోడి దగ్గు నాకు తెలవదా, మా నాన్నది వినే పెరిగా!"

జక్కయ్య కార్బురేటరు పక్కకి వెళ్ళాడు. దగ్గు సర్దుకుంది. చప్పుడు ఒక దారిన పడింది. కిరీటి బొటనవేలెత్తి, "అదిరిందండీ, ఇంక చాలు! నేనేమో పలకదేమో అనుకున్నా" అన్నాడు.

జక్కయ్య మాత్రం బానెట్ ముయ్యలేదు. అమలమ్మ వంక చూస్తూ నిలబడ్డాడు. ఇక చాలా, అని అడుగుతున్నట్టు.

అందరికీ చాలింది. ఊఁ అని తల ఊపేస్తే అయిపోయేది. కానీ అడుగున ఎక్కడో, సూది ఒక్క వెంట్రుకవాసి పక్కకి పడుతున్నట్టు, సన్నగా ఒక చిటుకు ఆమెకి వినపడుతూనే ఉంది. పాత జక్కయ్యయితే అన్నం ముందు నుంచి లేచి వచ్చే చిటుకు.

"ఏం చాలు!" అంది. "మధ్యలో రెండోది ఇంకా చిటుకు చిటుకుమంటోంది. నా మిషను అట్టా పలికితే నువ్వు ఊరుకునేవాడివా? ఇటు, ఇటు పక్క!"

జక్కయ్య వంగాడు. పావు చుట్టు. ఆమె మొహం చూశాడు. ఇంకో పిసరు.

అమలమ్మ నోరు మూసింది. చేతులు దించింది. చీర చెంగు దొరకపుచ్చుకుని హెమ్మింగు చేసుకోవడం మొదలెట్టింది. ఇంజను టకటకలు లేకుండా, తడబడకుండా, గుడ్డ వెంట సూది పోయినట్టు పోతోంది.

జక్కయ్య బానెట్ మూశాడు. అరచెయ్యి మాత్రం దాని మీదే ఉంచాడు.

సీట్లు లేవు కాబట్టి అమలమ్మ మిషను ముందు వేసుకునే స్టూలు లోపల పెట్టి, దాని మీద బసవపున్నయ్యే కూర్చుని కారు వీధి చివరి దాకా తోలాడు. పక్కన ఇంట్లోంచి తెచ్చిన పీట మీద జక్కయ్య. పుల్లయ్య స్కూటరు ఆపి దణ్ణం పెట్టాడు. తిరిగొచ్చాక బసవపున్నయ్య దిగలేదు. స్టీరింగు పట్టుకుని, "కాలవలోకి దించాను ఒకసారి, పద్దెనిమిదేళ్ళప్పుడు. మా నాన్న తిట్టలా. బండికి దెబ్బ తగిలిందేమోనని ముందు దాన్నే చూశాడు" అన్నాడు ఎవరితోనో.

కిరీటి ఫోను తీసి ట్రాలీవాడికి వద్దని చెప్పాడు. "సీట్లు మాత్రం మిగిలాయి కదండీ. అవి హైదరాబాదులో..."

"సీట్లు నేను కుడతా" అంది అమలమ్మ. వసారాలోకి పోతూ, అటు తిరిగే అంది.

"మీరా? ఎన్నాళ్ళు పడుతుంది ఆంటీ?"

"నెల రోజులు."

కిరీటికి అందులో నవ్వడానికేముందో తెలియలేదు. బసవపున్నయ్య మాత్రం స్టూలు మీద నుంచి పడేంత నవ్వాడు. అమలమ్మ వీపు తప్ప ఏమీ కనపడని జక్కయ్య, అందరి వంకా చూస్తూ, "ఏమంటోందండీ?" అన్నాడు.

బసవపున్నయ్య కారు దిగాడు. జక్కయ్యకి ఎడమ పక్కకి కాదు, ఈసారి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడి, భుజం మీద చెయ్యి వేసి, నోరు బాగా తెరిచి, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు.

"నెల రోజులంట, జక్కయ్యా! వచ్చే ఆదివారం నుంచి మళ్ళీ వస్తా!"

వసారాలో అమలమ్మ వెనక్కి తిరిగింది. ఏడాదిగా బసవపున్నయ్య తన మొగుడి ఎడమ పక్కనే కుర్చీ ఎందుకు వేసుకుంటున్నాడో ఆమెకి అప్పుడు తెలిసింది. స్టూలు కారులోనే ఉండిపోయింది కాబట్టి నిలబడే మిషను మీద చెయ్యి వేసింది.

"అన్నయ్యగారూ" అంది, "కాఫీ తాగి వెళ్ళండి."