అత్తగారి అయస్కాంతం

ఆ ఇంట్లో రేడియోకి నోరు పోయి చాలా ఏళ్లయింది కాని పెత్తనం పోలేదు. హాల్లో కిటికీ పక్కన, ఎత్తు స్టూలు మీద, కుట్టుపువ్వుల గుడ్డ కప్పుకుని, వచ్చినవాళ్లందరినీ ఎగాదిగా చూస్తున్నట్టు కూర్చుని ఉండేది. చెక్క పెట్టె. ఎత్తాలంటే ఇద్దరు కావాలి, దించాలంటే అత్తగారి అనుమతి కావాలి. మొదటిది దొరికేది, రెండోది దొరికేది కాదు.

మామగారు తన మొదటి జీతంతో కొన్న రేడియో అది. ఆయన పోయిన ఏడాదే అదీ మూగబోయింది. అయినా అత్తగారు రోజూ పొద్దున్నే దాని ముఖం తుడిచి, గుడ్డ సరిచేసి, అప్పుడుగాని టీ తాగేవారు కాదు. కోడలికి అందులో అభ్యంతరమేమీ లేదు. ఇంట్లో మాట్లాడని మనిషి ఒక్కరైనా ఉండడం మంచిదేనని ఆమె అభిప్రాయం.

అభ్యంతరం వచ్చింది ఆడపడుచు వైపు నుంచి.

ఆడపడుచు కొడుక్కి నడక కొత్తగా వచ్చింది. నడక అనడం మర్యాద కోసమే గాని, వాడు కదిలితే పరుగే. అందుకే అందరూ వాణ్ణి పిడుగు అంటారు. పోయినసారి వచ్చినప్పుడు ఆ పిడుగు నేరుగా వెళ్లి కుట్టుపువ్వుల గుడ్డ అంచు పట్టుకుని లాగాడు. రేడియో బెత్తెడు ముందుకు జరిగింది. వాళ్లమ్మ ఒక్క దూకు దూకి వాణ్ణి లాక్కోకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు. వాడికి దెబ్బ తగల్లేదు కాని, మాట మాత్రం పడింది.

“అమ్మా, అది ఆ స్టూలు మీద ఉన్నంతకాలం వీడు ఈ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోడు.”

పడుకోలేదు కూడా. వచ్చినా గుమ్మంలోనే, తల్లి చంకలోనే. ఇప్పుడు ఆడపడుచుకు ఆఫీసువాళ్లు వేరే ఊళ్లో పదిరోజుల శిక్షణ వేశారు. పిడుగును ఎక్కడో ఒకచోట వదలాలి. ఇక్కడైనా వదలాలి, వియ్యపురాలి ఇంట్లోనైనా వదలాలి. వియ్యపురాలి ఇంట్లో బల్లల మూలలన్నిటికీ స్పాంజి తొడుగులు. మెట్లకు బుల్లి గేటు. ఆవిడ ఆ గేటు ఫోటో కూడా పంపింది.

“అది ఇల్లా, దూది మూటా?” అన్నారు అత్తగారు ఫోటో చూసి. సాయంత్రం బట్టలు మడతపెడుతూ, కోడలి వైపు చూడకుండా అన్నారు, “వాడు ఆవిణ్ణి చూస్తే చేతులు చాపుతాడు. నన్ను చూస్తే వాళ్లమ్మ మెడ పట్టుకుంటాడు. నేనేమన్నా కరుస్తానా అమ్మాయ్?”

కోడలికి మనసు చివుక్కుమంది. “పోనీ, రేడియో తీసేద్దామా అత్తయ్యా?”

“ఎక్కడికి తీస్తావ్? అటక మీదికా? ఈ ఇంట్లో అటకెక్కింది ఏదైనా మళ్లీ దిగిందా? మీ ఆయన వ్యాయామం సైకిలు దిగిందా? నీ కుట్టుమిషను దిగిందా?”

“పోనీ, కింద పెడదాం.”

“నేల మీదా! ఆయన ఉంటే ఆ మాట అనేదానివేనా?”

ఆయన ఉంటే ఏమనేదాన్నో అని కోడలు ఆలోచిస్తూ ఉండగానే విషయం జాగ్రత్తరావు చేతిలోకి వెళ్లిపోయింది.

జాగ్రత్తరావు అంటే ఆమె భర్త. ఆ పేరు ఆమె మనసులో పెట్టుకున్నది. ఆయన పని బీమా కంపెనీలో. ప్రమాదాలు జరిగాక వెళ్లి ఫోటోలు తీసి, ఎందుకు జరిగాయో రాస్తాడు. అందుకని ఆయన కంటికి ప్రతి ఇల్లూ ఇంకా జరగని ప్రమాదమే. అక్క ఆదివారం వచ్చి ఇల్లు చూసి తేలుస్తానన్నదని తెలిసేసరికి ఆయనకు పండగొచ్చినట్టయింది. ముందు రేడియోను బెల్టుతో కిటికీ చువ్వలకు కట్టేశాడు.

“పోలీసులు పట్టుకెళ్తున్నట్టుంది,” అంది కోడలు.

“పడదు కదా, అది చూడు.”

తర్వాత ఒక పెట్టెడు అయస్కాంతపు తాళాలు తెచ్చాడు. అవి అల్మారా తలుపుల లోపలివైపు ఉంటాయి, బయటికి కనపడవు. తలుపు మూస్తే చాలు, లోపల కొక్కెం క్లిక్కుమని పడిపోతుంది. మళ్లీ తెరవాలంటే సరైన చోట బయటినుంచి గట్టి అయస్కాంతం ఆనించాలి. ఆ అయస్కాంతమే తాళంచెవి. పెట్టెలో అలాంటివి రెండు వచ్చాయి. శనివారమంతా ఆయన మోకాళ్ల మీద నడుస్తూ వంటింటి అల్మారాలకీ, సొరుగులకీ, మందుల అరకీ, పనిముట్ల సొరుక్కీ వాటిని బిగించాడు.

“సిలిండరు అరకి వద్దండీ,” అంది కోడలు. “వాసనొస్తే ముందు రెగ్యులేటరు కట్టెయ్యాలి. అప్పుడు అయస్కాంతం ఎక్కడుందని వెతుక్కుంటామా?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. వృత్తి ధర్మం గుర్తొచ్చి ఒప్పుకున్నాడు. దానికి మాత్రం పిడుగుకి అందనంత ఎత్తులో మామూలు గడియ పెట్టాడు.

ఒక తాళంచెవిని ఫ్రిజ్ మీద పెట్టి, “దీని చోటు ఇదే, ఎవరూ కదపొద్దు,” అని ప్రకటించాడు. రెండోదాన్ని భద్రమైన చోట పెట్టానన్నాడు. ఎక్కడో చెప్పలేదు. చెబితే భద్రమెలా అవుతుంది?

ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద ఏదీ ఉండకూడదన్న రూలు ఒకటుందని ఆయన మరిచిపోయాడు. ఎక్కడి వస్తువు అక్కడ ఉండాలన్నది అత్తగారి రాజ్యాంగం. చీపురుకి చోటు, గొడుక్కి చోటు, చెప్పులకి చోటు. తాళంచెవులకి తాళంచెవుల సొరుగు. పడుకోబోయే ముందు ఆవిడ ఫ్రిజ్ మీద తెల్లగా, గుండ్రంగా ఉన్నదాన్ని చూశారు. ఇది తాళంచెవి అని కొడుకే కదా చెప్పాడు! తీసుకెళ్లి, కొడుకు తాళం బిగించి తెరిచి వదిలేసిన సొరుగులో వేసి మూశారు. క్లిక్కుమంది. ఇల్లు సర్దిన తృప్తితో హాయిగా నిద్రపోయారు.

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో ఏదీ తెరుచుకోలేదు.

టీపొడి లోపల, చక్కెర లోపల, గ్లాసులు లోపల. అత్తగారి బీపీ మాత్ర లోపల. ముగ్గురూ ఫ్రిజ్ ముందు నిలబడ్డారు.

“తాళంచెవిని తాళంచెవుల సొరుగులో పెట్టడం కూడా తప్పేనా?” అన్నారు అత్తగారు.

“తప్పు కాదమ్మా. కాని ఇప్పుడు తాళంచెవి కావాలంటే తాళంచెవి కావాలి.”

“రెండోది తియ్యరా మరి.”

జాగ్రత్తరావుకి ఎక్కడ పెట్టాడో గుర్తురాలేదు. చెప్పుల స్టాండులో చూశాడు, పుస్తకాల వెనక చూశాడు, తలగడ గలీబులో చెయ్యి పెట్టాడు. మరీ భద్రమైన చోట పెట్టాడు పాపం.

“స్క్రూడ్రైవరుతో విప్పెయ్యండి,” అంది కోడలు.

“అది పనిముట్ల సొరుగులో ఉంది.”

“పోనీ ఒక తలుపు విరగ్గొట్టండి.”

“గ్యారంటీ పోతుంది!”

ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతపు పళ్ల బొమ్మలన్నీ పోగేసి, అరటిపండు మీద మామిడిపండు అంటించి, మందుల అర తలుపుకి ఆనించాడు. కొక్కెం కదల్లేదు. చివరికి ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చుని, తలుపు సందులోంచి లోపలికి చూస్తుండగా, వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

“ఏమిటిది? ఇల్లు చూపిస్తారనుకుంటే మీ వీపులు చూపిస్తున్నారు?”

ఆడపడుచు. చంకలో పిడుగు. చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది.

అత్తగారు లేచి చేతులు చాపారు. పిడుగు ఆవిణ్ణి చూసి, వాళ్లమ్మ మెడ పట్టుకుని, ముఖం దాచుకున్నాడు. అత్తగారి చేతులు అలాగే ఉండిపోయి, తర్వాత మెల్లగా దిగిపోయాయి. కోడలు అటు చూడలేక తల తిప్పుకుంది.

“కాసిని మంచినీళ్లియ్యి మరదలా. ఎండలో వచ్చాం.”

నీళ్లున్నాయి. గ్లాసులు లేవు. “ఒక్క నిమిషం వదినా,” అని కోడలు చుట్టూ చూసింది. వంటింటి కిటికీలో గాజు పూలకూజా కనబడింది. ప్లాస్టిక్ పూలు పీకి, కడుగుదామని కుళాయి కింద వంచింది. అడుగునుంచి తెల్లగా, గుండ్రంగా ఏదో జారి అరచేతిలో పడింది.

నోరు తెరవబోయింది. అప్పుడే హాల్లోంచి ఆడపడుచు మాట వినబడింది.

“బీపీ మాత్ర వేసుకోలేదా? మందుల అరకి తాళమా? ఒరేయ్, ఇది పిల్లాణ్ణి కాపాడడమా, అమ్మను చంపడమా?”

“అయస్కాంతం ఉంటే చిటికెలో తెరుచుకుంటుందక్కా. పెద్దది, గట్టిది కావాలి. ఇంట్లో అలాంటిది…” జాగ్రత్తరావు మాట మధ్యలో ఆగిపోయింది.

కోడలు తలుపు పక్కనుంచి చూసింది. ఆయన చూపు కిటికీ చువ్వలకు కట్టేసి ఉన్న రేడియో మీద ఉంది. రేడియోలో స్పీకరు ఉంటుందనీ, స్పీకరు వెనక ఎంత అయస్కాంతం ఉంటుందో ఆయనకు తెలుసనీ, ఆ మాట నోటితో అనే ధైర్యం మాత్రం లేదనీ ఆ ముఖం మీదే రాసి ఉంది. అత్తగారు కూడా కొడుకు చూపు వెంట రేడియో వైపు చూశారు.

కోడలు గుప్పిట మూసింది. మూసిన గుప్పిటని నెమ్మదిగా నైటీ జేబులో పెట్టి, ఖాళీగా బయటికి తీసింది.

అత్తగారు రేడియో దగ్గరికి నడిచారు. గుడ్డ తీసి మడతపెట్టారు. బెల్టు విప్పారు. “పట్టుకోరా, దించుదాం.”

“అమ్మా, నేల మీదికా?”

“ఇంకెక్కడికి, నీ నెత్తి మీదికా? పట్టు.”

రేడియో నేల మీదికి దిగింది. మామగారు దాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించేవారో గాని, వెనక అట్టకూ, లోపలి స్పీకరుకూ స్క్రూల బదులు చేత్తో తిప్పే చెవుల మరలు పెట్టుకున్నారు. అత్తగారు వాటిని ఒక్కొక్కటే తిప్పారు. “కాస్త పనిపడిందండీ. ఏమీ అనుకోకండి,” అని పెట్టెతో అన్నారు, పక్కగదిలో ఉన్న మనిషితో చెప్పినట్టు. లోపల చెయ్యి పెట్టి, తీగలు లాగి, దుమ్ముతో సహా స్పీకరు బయటికి తీశారు. వెనక నల్లటి అయస్కాంతం, అరచెయ్యంత.

మందుల అర తలుపుకి ఆనించారు. క్లిక్.

“నాన్నగారు!” అంది ఆడపడుచు, తనకు తెలియకుండానే.

మాత్ర వేసుకుని, అత్తగారు ఒక్కో తలుపూ తెరుస్తూ పోయారు. క్లిక్, క్లిక్, క్లిక్. చెంచాల సొరుగు తెరవగానే రెండు చెంచాలు ఎగిరొచ్చి అయస్కాంతానికి అతుక్కున్నాయి. ఆవిడ చెయ్యి ఊపితే అవి గలగలలాడాయి.

తల్లి మెడ మీదనుంచి ఒక కన్ను బయటికొచ్చింది. తర్వాత రెండోది. అత్తగారు చూడనట్టే మూడో చెంచా పట్టుకుని దగ్గరికి తెచ్చారు. టక్కున అతుక్కుంది. పిడుగు కిలకిలా నవ్వాడు.

నవ్వి, రెండు చేతులూ చాపాడు. తల్లివైపు కాదు.

అత్తగారు వాణ్ణి అందుకున్న తీరు ఆడపడుచు కళ్లారా చూసింది. “మందులకి తాళం వద్దు, పై అరలో పెట్టండి. మిగతావి ఉండనీ,” అంది. పిడుగు అప్పటికే అమ్మమ్మ చంక దిగి, నేల మీది రేడియో దగ్గరికి వెళ్లి, దాన్ని రెండు చేతులతో తోస్తున్నాడు. అది కదల్లేదు. నేల మీదున్నది ఇంకెక్కడ పడుతుంది? ఆడపడుచు అది చూస్తూ అంది, “పదిరోజులు భరించగలవా అమ్మా?”

“నిన్ను భరించలేదూ?”

తాళంచెవి తన చోట్లోనే, తాళంచెవుల సొరుగులోనే ఉండిపోయింది. ఆ పదిరోజులూ స్పీకరు అత్తగారి మెడలో పతకంలా వేలాడింది. మెడలో తాడు ప్రమాదమని జాగ్రత్తరావు గోల పెట్టి, పిడుగు లాగితే ఊడొచ్చేలా తాడుకి ప్రెస్ బటన్ కుట్టించాడు. ఎన్నో ఏళ్ల కిందట కోడలికి అప్పగించిన ఇల్లు అలా చల్లగా అత్తగారి చేతికి తిరిగొచ్చింది. చక్కెర కావాలన్నా ఆవిడే, గరిట కావాలన్నా ఆవిడే. “ఎందుకమ్మాయ్, ఇప్పుడే కదా టీ తాగావ్?” అని అడిగి మరీ తెరిచేవారు. పిడుగు వెనకాలే తిరుగుతూ ప్రతి క్లిక్కుకీ చప్పట్లు కొట్టేవాడు.

కోడలు అన్నీ ఓర్చుకుంది. ఒక మధ్యాహ్నం మాత్రం, అమ్మమ్మా మనవడూ ఆదమరిచి నిద్రపోతుండగా, జేబులోంచి తెల్లటి తాళంచెవి తీసి, చప్పుడు కాకుండా టీపొడి అర తెరిచింది.

“నాకూ ఒక అరకప్పు,” అంది గదిలోంచి అత్తగారి గొంతు.

కోడలు గబుక్కున తాళంచెవిని గుప్పిట్లో దాచింది.

“ఆ పూలకూజా రోజూ కడిగేది నేనేగా అమ్మాయ్, అందులో ఏముందో నాకు తెలీదా?” అన్నారు అత్తగారు, పిల్లాడు లేవకుండా గొంతు తగ్గించి. “చక్కెర తక్కువెయ్యి.”