వదిన కిటికీ కింద ఫౌంటెన్

దుకాణంలో అన్ని రకాల ఫౌంటెన్లూ ఒకేసారి పారుతున్నాయి. నున్నటి రాతి బంతి మీంచి చడీచప్పుడూ లేకుండా నీళ్ళు జారేది భార్యకు నచ్చింది. తోటలో పెట్టుకుంటే చూడముచ్చటగా ఉంటుందంది. ఆయన మాత్రం గిన్నె మీద గిన్నెగా అంతస్తులు కట్టి, పైనుంచి దబదబా నీళ్ళు దూకే దాని దగ్గర ఆగిపోయాడు. భార్య పూలకుండీల వైపు వెళ్ళాక దుకాణదారుతో గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంకాస్త గట్టిగా మోగేది ఉందా? వెనక గదిలో దగ్గు మా పడగ్గదిలోకి వినపడకూడదు."

ఆ దగ్గు వదినది, అంటే భార్యకు అక్క. ఒంటరి మనిషి. ఊపిరితిత్తుల జబ్బు చేసినప్పటి నుంచి వీళ్ళింట్లోనే ఉంటోంది. ఒకరి జోలికి పోయే మనిషి కాదు. దగ్గు తెర వస్తే నోటికి తలగడ అడ్డం పెట్టుకుంటుంది కూడా. ఆ సంగతి తెలిసీ ఆయనకు విసుగు తగ్గలేదు. విసుక్కున్న ప్రతిసారీ "ఛీ, నేనేం మనిషిని" అని తనను తాను తిట్టుకోవడమూ మానలేదు.

దుకాణదారే వచ్చి, ఆమె కిటికీ కింద నేల చదును చేసి, తొట్టి నిలబెట్టి, పంపు బిగించి వెళ్ళాడు. నీళ్ళు దూకగానే వదిన చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"నా కిటికీ ముందే పెట్టించావా మరిదీ! ఎంత మంచి మనసయ్యా నీది!"

ఆయన తొట్టి వైపు చూపు తిప్పుకున్నాడు. "ఆఁ... మీకు పొద్దుపోతుందని," అన్నాడు.

అది మొదలు, ఫోన్ చేసిన వాళ్ళందరికీ ఆమె అదే మాట. మా మరిది నా కోసం జలపాతమే తెప్పించాడు!

ఓ మధ్యాహ్నం ఆమె గదిలో జారిపడింది. కేకలు వేసింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు, కానీ నీళ్ళ హోరులో ఒక్క కేకా వినపడలేదు. టీ ఇవ్వడానికి వెళ్ళిన భార్య చూసి, పరిగెత్తుకొచ్చి చెబితే అప్పుడు లేచాడాయన. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కట్టు కడుతుంటే, "నాదే పీలగొంతు, మీరేం చేస్తారు," అని ఆమె వాళ్ళనే ఓదార్చింది.

మర్నాడే దుకాణదారును పిలిపించాడు. అతను పంపు ఆపి, బిత్తరపోయి చూశాడు.

"హోరు తగ్గించాలా? అదేంటి సార్, వెనక గదిలో దగ్గు వినపడకూడదని మీరే ఏరికోరి తీసుకున్నారు కదా!"

కిటికీ అవతల వదిన కూర్చుని ఉందని అతనికి తెలియదు. ఆయనకు తెలుసు.

లోపలికి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. "వదినా, నేను..."

"నా దగ్గు నాకే విసుగు, నీకు రావడంలో వింతేముంది?" ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో సర్దుకుంది. "కానీ నా కోసమేనని ఊరంతా చెప్పుకున్నానయ్యా. ఇప్పుడా మాట ఎలా వెనక్కి తీసుకోను?"

నాలుగు తిట్టి ఉంటే నయమనిపించింది.

"దాన్ని తీసేయిస్తాను వదినా."

"వద్దు. ఎందుకు తీశారని అడుగుతారు."

ఫౌంటెన్ ఉండిపోయింది, హోరు మాత్రం తగ్గింది. ఆయన ఆమె మంచం పక్కన ఓ మీట పెట్టించి, గంట తన గదిలో బిగించాడు. చాలా రోజులు ఆమె ఆ మీట జోలికే పోలేదు. మోగని ఆ గంటను చూసినప్పుడల్లా ఆయన తీగ ఊడిందేమోనని సరిచూసేవాడు.

ఓ సాయంత్రం మోగింది. చెప్పులైనా తొడుక్కోకుండా పరిగెత్తాడు. ఆమెకేం కాలేదు. కిటికీ రెక్క బిగుసుకుపోయి ఒంటిచేత్తో రావడం లేదట. తెరిచి పెట్టాడు.

"ఇంకేమైనా కావాలా?"

"ఏం వద్దు."

అయినా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె వెళ్ళమనలేదు.