దొర బంగళా రాయి

సముద్రానికీ కాలువకూ నడుమ, ఇసుక మిట్ట మీద ఉంది ఆ బంగళా. ఎప్పుడో ఉప్పు కొఠార్ల మీద అజమాయిషీకి వచ్చిన ఇంగ్లీషు దొర కట్టించాడు. నల్లరాయి కాలువ పడవల్లో దిగింది. గుల్లలు కాల్చి సున్నం చేశారు. గోడ మందం రెండు మూరలు. దొరలు పోయారు, తలుపులు పోయాయి, టేకు దూలాలు సగం చెదలపాలయ్యాయి. గోడలు మాత్రం నిలిచాయి. వెనకటి గాలివానకు పల్లె ఊడ్చుకుపోతే, ఆ గోడల మధ్య దూరినవాళ్ళే మిగిలారు. పల్లెలోని నాగులమ్మ ఆ వానలోనే, అక్కడే కొడుకు ముత్యాలయ్యను కన్నది.

అప్పటినుంచి పల్లెలో ఒక ఆనవాయితీ పడింది. కొత్త పడవ దించితే, బంగళా సముద్రం వైపు గోడలోంచి ఒక రాయి పెరికి లంగరుగా కడతారు. ఇంటి ఆడబిడ్డ దానికి పసుపు రాసి బొట్టు పెడుతుంది. సముద్రానికి లొంగని రాయి పడవను వదలదని నమ్మకం.

ముత్యాలయ్య కూతురు విజయకుమారి కావలిలో సివిల్ ఇంజనీరింగ్ చదివింది.

"నాయనా, ఆ గోడ అంతా రాయి కాదు. బయటొక వరస, లోపలొక వరస. నడుమ సున్నం, రాళ్ళముక్కలు కూరినారు. బయటి వరస పీకితే నడుమదంతా జారిపోద్ది" అని చెప్పింది.

"దొర కట్టిందాన్ని నువ్వు మాటల్తోనే కూల్చేస్తుండావే!" అని ముత్యాలయ్య నవ్వాడు.

పోయిన నెల అన్న గణేష్ తన కొత్త పడవకు రాయి పెరికాడు. వాదించి వాదించి, చివరికి విజయకుమారే బొట్టు పెట్టింది.

ఇప్పుడు తుపాను వచ్చిపడింది. ఊరంతా తలదాచుకోవడానికి ఇందుకూరుపేట బడికి పోయే బస్సెక్కింది. నాగులమ్మ ఒక్కతే బంగళాలో చాప పరుచుకుని కూర్చుంది.

"లెయ్యవ్వా, నీకు దండం పెడతా" అని విజయకుమారి బతిమాలింది.

"యాడికి మే? మీ నాయన్ని ఈడనే కన్నా. ఆ పొద్దు ఈ గోడ ఇంత కూడా కదల్లా."

"ఆ పొద్దుకు రాళ్ళుండాయి. మనమే పీకేసినాం. నేనే బొట్టు పెట్టినా!"

"నువ్వు బొట్టు పెట్టినాక ఇంకేం భయం?" అని ముసలమ్మ బోసినోటితో నవ్వింది.

ఎత్తబోతే అవ్వ కిటికీ కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. ఒక్కతి వల్ల కాలేదు. అన్నను పిలవడానికి విజయకుమారి బస్సు వైపు పరుగెత్తింది. సగం దారిలో ఉండగా ఒక అల మిట్ట ఎక్కింది. వెనక పెద్ద చప్పుడేమీ రాలేదు. బస్తాలోంచి వడ్లు జారినట్టు గోడ జారిపోయింది. ఆ వెంటే మిద్దె కూలింది.

కాలువ గట్టున కట్టేసిన పడవలు ఒక్కటీ కొట్టుకుపోలేదు.

అవ్వ కర్మంతరాలయ్యాక చిన్నాన్న కొడుకు మధుబాబు కొత్త పడవ దించాడు. ఈసారి గడ్డపార అవసరం లేకపోయింది. ఇసుకలో పడి ఉన్న రాళ్ళలో ఒకటి ఏరి తెచ్చాడు.

"అవ్వ పానం పోసిన రాయక్కా. దీనికి ఇంకా సత్తెం ఎక్కువ. బొట్టు పెట్టు."

రాయికి తెల్లగా సున్నం ఇంకా అంటుకునే ఉంది. విజయకుమారి కుంకుమ గిన్నె పట్టుకుని నిలబడింది. చెయ్యి లేవలేదు.

పొద్దెక్కుతోందని మధుబాబు తల్లి ఆ గిన్నె అందుకుని, తానే పెట్టేసింది.