పళ్లెం చప్పుడు

కరెంటు పోయి బండలు కోసే మిషను నిలబడిపోయిన పూటే అంగన్‌వాడీ మహాదేవమ్మ పిల్లల ఎదుగుదల కార్డు పట్టుకుని వచ్చింది. కల్లూరు అవతల ఆ బండల ఫ్యాక్టరీలోనే, ఒక రేకుల గదిలో ఏసేపు సంసారం.

"పాపకు రెండేండ్లు నిండినాయి. ఈపాటికి రెండు మాటలు కలిపి చెప్పాల. అమ్మా అనన్నా అంటాదా?"

"మా నిస్సీకి నోటితో పనేముందక్కా?" ఏసేపు భార్య జ్ఞానమణి నవ్వింది. "అన్నీ చేత్తోనే. వాళ్ల నాయన మాదిరి."

నిజమే. మిషను రొదలో నోరు పనికిరాదు. పనోళ్లంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటికి చూపితే నీళ్లు. అరచెయ్యి అడ్డంగా ఊపితే లేదు. నడక రాకముందే నిస్సీ అవన్నీ పట్టేసింది. మిషను పక్కన గోనెసంచి మీద పండుకోబెట్టినా ఉలకదు, పలకదు. ఫ్యాక్టరీ బిడ్డంటే ఇట్లుండాల అని అందరూ మురిసినారు. అందరికంటే ఎక్కువ మురిసింది ఏసేపే.

"ఇనపడకుంటే చెప్పప్పా, టెస్టుకు కర్నూలుకు రాసిస్తా. చిన్నప్పుడే చూపిస్తే మాటలు నేర్పిస్తారంట. ఆలస్యమైతే శానా కష్టం" అనింది మహాదేవమ్మ.

"ఇనపడకపోవడమేంది!" ఏసేపుకు రోషమొచ్చింది. "నువ్వే చూడు."

నేల మీద కూర్చుని ఆడుకుంటున్న బిడ్డ వెనక చేరి, మహాదేవమ్మ స్టీలు పళ్లెంతో నేలబండ మీద ఠంగుమని కొట్టింది. నిస్సీ వెనక్కి తిరిగింది.

"బంగారు చెవులమ్మా!" అని కార్డులో వినికిడి పక్కన టిక్కు పెట్టి, మహాదేవమ్మ టీ గ్లాసు అందుకుంది.

ఏసేపు నవ్వలేకపోయినాడు. తిరిగే ముందు బిడ్డ బండకేసి చూసింది. బండకు ఆనించిన తన అరచేతిని చూసుకుంది. మిషను తేడాగా తిరిగితే బండ అదురు ఏసేపుకూ చెవి కంటే ముందు అరికాలికే తెలుస్తుంది.

బిడ్డను చంకనేసుకుని వెనక చేలోకి పోయినాడు. అదురు అందని మెత్తటి దుక్కిలో కూర్చోబెట్టి, ఇరవై అడుగులు వెనక్కి నడిచినాడు. పిలవబోతే చెయ్యి దానంతటదే లేచింది. చెయ్యి ఊపకుండా బిడ్డను ఏనాడూ పిలిచింది లేదు. ఆ చేతిని రెండో చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"నిస్సీ."

మట్టిపెళ్ల చిదుముతాంది.

"నిస్సీ! అమ్మా! ఓ నిస్సమ్మా!"

పది అడుగులకు వచ్చినాడు. అయిదుకు వచ్చినాడు. గొంతు చీలిపోయేటట్టు అరిచినాడు. గట్టు మీద గొర్రెలు తలలెత్తినాయి. వాటిని మేపే ముసలాయన "ఏమప్పా, పామా?" అని కేకేసినాడు.

బిడ్డ తల తిప్పలేదు.

"ఒక్కసారి తిప్పు తండ్రీ, ఒక్కసారి" అని దేవుణ్ణి అడుక్కున్నాడు. ఇంకో అడుగు వేసినాడు. నీడ మీద పడగానే నిస్సీ తిరిగి చూసి, నవ్వి, బొటనవేలు నోటికి చూపింది.

అప్పుడే కరెంటొచ్చింది. ఫ్యాక్టరీలో మిషను లేచింది. మహాదేవమ్మ సంచి తగిలించుకుని రోడ్డు మీది ఆటో దిక్కు పోతాంది. కార్డు ఆ సంచిలోనే ఉంది, టిక్కుతో సహా.

"అక్కా! మహాదేవక్కా!"

ఆ రొదలో ఆమె కూడా తిరగలేదు.

బిడ్డను ఎత్తుకుని దుక్కిలో పడతా లేస్తా పరిగెత్తినాడు. ఆటోలో ఒక కాలు పెట్టేసిన మహాదేవమ్మ సంచిని గట్టిగా పట్టుకున్నాడు. ఏందప్పా అన్నట్టు ఆమె పెదాలు కదిలినాయి. ఏసేపు నోరు తెరిచినాడు. మాట ఆ రొదలోనే కలిసిపోయింది.

సంచిలోంచి కార్డు లాగినాడు. టిక్కు మీద వేలు పెట్టి చూపినాడు. బిడ్డ చెవి ముట్టుకున్నాడు. అరచెయ్యి అడ్డంగా ఊపినాడు.

నాయన ఆడుతున్నాడనుకుని నిస్సీ కూడా నవ్వుతా అరచెయ్యి అడ్డంగా ఊపింది.