ఎడమ ముందు టైరు

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి అన్నం తినగానే, మా అబ్బాయి బెన్నీ తన కూతురి చేతిలోంచి కారు తాళం లాక్కున్నాడు. కారు జగ్గయ్యపేట తీసుకెళ్లి, కొంటానన్న రాంబాబుకి అమ్మేస్తానన్నాడు.

ఆ కారు నా మనవరాలు జాయిస్‌ది. నందిగామలో ఒక బళ్లో లెక్కలు చెబుతుంది. పెనుగంచిప్రోలు నుంచి రోజూ ఆటోల్లో వేలాడలేక తన జీతంతోనే పాత కారు కొనుక్కుంది. కాగితాలు మాత్రం వాళ్ల నాన్న పేరున ఉన్నాయి.

రెండు నెలలుగా కారు ఎడమవైపుకి లాగుతోంది. స్టీరింగ్ కాస్త కుడికి తిప్పి పట్టుకుంటే తప్ప తిన్నగా పోదు. బ్రేకు వేస్తే మరీను. మొన్న మిర్చి బస్తాల ట్రాక్టరు ఎదురొస్తే జాయిస్ బ్రేకు తొక్కింది, కారు రోడ్డు దిగి పత్తిచేలో ఆగింది. అప్పటికే రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించారు. చక్రాలన్నీ తిన్నగానే ఉన్నాయని మిషన్ చూపించింది.

"మిషన్లో బాగుందంటే ఇంక తేడా నీ చేతుల్లోనే ఉంది. ఆటోలో పో, హాయిగా," అన్నాడు బెన్నీ.

"నువ్వు నడిపినప్పుడు లాగలేదా డాడీ?"

"లాగితే లాగింది. నేను పట్టుకోగలను."

"మరి నేను పట్టుకుంటే తప్పెట్లా అయింది?"

"నోరు మాత్రం బాగా తిరుగుద్దే నీకు. స్టీరింగ్ అట్లా తిప్పితే బాగుండేది."

జాయిస్ మొహం ఎర్రబడింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో.

మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా పెద్దవాళ్లు బండి మీద చెయ్యి వేసి ప్రార్థన చేయాలి. ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవరు, బండి కదలదు. ఒక్కసారి మాత్రం, మా ఆయన ప్రేమదాసు వీరులపాడులో పెళ్లికి పోతూ, "తిరిగొచ్చాక చేసుకుందాంలే పుల్లమ్మా" అని బండెక్కాడు. తిరిగి రాలేదు. ఆ తర్వాత ప్రార్థన నా పనైంది, పొడుగూ అయింది. గేటు దగ్గర ఎవరిని సాగనంపినా, ఆ వీపునే చివరిసారి చూస్తున్నానేమో అనిపిస్తుంది నాకు. "అత్తయ్య ఆమేన్ అనేలోపు ఇంకోసారి కూరొండొచ్చు," అంటుంది కోడలు మహిమ.

ఆ రోజూ నలుగురం కారు చుట్టూ నిలబడ్డాం. ఎడమవైపు నిలబడి ముందు భాగం మీద చెయ్యి వేసి తల వంచాను. "పరిశుద్ధుడవైన తండ్రీ," అని మొదలుపెట్టాను గానీ నా కళ్లు మూతపడలేదు. తల వంచినచోట ఎదురుగా టైరు ఉంది, దాని మీద అంకెలున్నాయి. బడి మొహం చూడకుండా సొంతంగా నేర్చుకున్న చదువు నాది. విత్తనాల సంచీ మీదైనా, మాత్రల అట్ట మీదైనా రాసుంటే చదవకుండా వదల్లేను. నూట యాభై అయిదు, పక్కన గీత, అరవై అయిదు.

ప్రార్థన ఆపకుండానే కుడివైపుకి నడిచాను. అక్కడ నూట నలభై అయిదు, గీత, ఎనభై ఉంది. వెనకవి రెండూ చూశాను. అవీ నూట నలభై అయిదు, ఎనభై.

"తండ్రీ, ఈ కారుకి మూడు టైర్లు ఒక రకం, ఎడమ ముందుది ఇంకో రకం ఉన్నాయి. దాని మీద నూట యాభై అయిదు, అరవై అయిదు అని ఉంది. మిగతావాటి మీద నూట నలభై అయిదు, ఎనభై అని ఉంది. నీకు తెలియంది కాదు..."

"ప్రార్థనలో లెక్కలేంటమ్మా?" బెన్నీ గొణిగాడు.

"కళ్లు మూసుకోరా."

జాయిస్ మాత్రం కళ్లు మూసుకునే పెదాలు కదుపుతోంది. "నానమ్మా, మొదటి అంకె వెడల్పు, రెండోది ఎత్తు. టైరు వెడల్పులో నూటికి అన్ని వంతులు. ఎడమది ఇంచుమించు నూటొక్క మిల్లీమీటర్ల ఎత్తు, మిగతావి నూట పదహారు. ఆ టైరు పొట్టిది! ఒక్క చుట్టుకి అది తక్కువ దూరం పోద్ది, కుడిది ఎక్కువ పోద్ది. బండి పొట్టి చక్రం వైపు తిరగక ఏం చేస్తది? చక్రాలు ఎటు చూస్తన్నాయో మిషన్ చెప్పుద్ది గానీ, ఒకటి పొట్టిదని చెప్పుద్దా?"

"విన్నావుగా తండ్రీ," అన్నాను. "ఆ టైరు ఎవరు వేయించారో కూడా నీకు తెలుసు."

నవ్వాపుకోలేక మహిమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండు నెలల కింద నేను తీసుకెళ్లినప్పుడు నందిగామలో టైరు పేలితే పాతది దొరికింది," అన్నాడు బెన్నీ చివరికి. "రిమ్ముకి సరిపోయింది గదాని వేయించా."

"డిక్కీలో స్టెప్నీ ఉంది గదా డాడీ!"

"కొత్త టైరు. అరిగిపోద్దని."

"తండ్రీ, రాంబాబుకీ చిన్నపిల్లలున్నారు," అన్నాను.

"అమ్మా, ఆమేన్ అనవే. కాళ్లు పీకుతన్నాయి."

"అనను. ఆ టైరు మారిందాకా అనను. నన్ను పక్కకి లాగి పోతావా, పో. మీ నాన్న అట్లాగే పోయాడు."

బెన్నీ లాగలేదు. డిక్కీ తెరిచాడు. స్టెప్నీ ఇంకా ప్లాస్టిక్ తొడుగులోనే ఉంది. దాని మీద నూట నలభై అయిదు, ఎనభై అని వేలు పెట్టి చదివించాకే బిగించనిచ్చాను.

తాళం జాయిస్ తీసుకుంది. బండి తిన్నగా పోవడం చూశాకే ఆమేన్ అంటానని, ఈసారి నేను గేటు దగ్గర నిలబడలేదు, ప్రార్థన ముగించకుండానే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను. బెన్నీ వెనక కూర్చున్నాడు. మునేరు ఏటి వైపు తిన్నటి రోడ్డు మీద జాయిస్ స్టీరింగ్ మీద పట్టు వదులు చేసింది. కారు తిన్నగా పోయింది. ఖాళీ రోడ్డు చూసి గట్టిగా బ్రేకు వేసింది. తిన్నగానే ఆగింది.

"నా చేతులు ఎట్లా ఉన్నాయి డాడీ?" అంది, అద్దంలోకి చూస్తూ.

బెన్నీ కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు.

ఇంటికొచ్చాక అలవాటుగా తాళం కోసం చెయ్యి చాపాడు. జాయిస్ దాన్ని తన బ్యాగులో వేసుకుంది.

"ఇప్పుడైనా అను అమ్మా. రాంబాబుకి ఫోన్ చేసుకోవాలి."

"ఏమని చేస్తావు?"

"రావట్లేదని."

"కారు ఎవరిది?"

బెన్నీ కూతురి వంక చూశాడు. "దానిదే."

అప్పుడు కళ్లు మూసుకుని ఆమేన్ అన్నాను.